తనిము ఇల్లు ఈ ఏడు ఎక్కడ?

ఏంట్రా, పారకి ఏదో తగిలిందా? పొయ్యిరాయి. పారెయ్యకు, ఇలా పట్రా. మా కందే వదినది ఇది. చేను మధ్యలో పొయ్యేంటని ముఖం అలా పెడతావేం, నువ్వు నిలబడ్డదే వాళ్ల వంటచోటు. మా అన్న తనిము పోయేనాటికి నువ్వింకా పుట్టలేదులే. ఈ ఇసుక నేల చెక్క ఒక్కటే ఆయనది. ఊళ్లో ఆవులున్నవాళ్లు కోతలయ్యాక మందని చేలో పడుకోబెట్టుకునేవారు, పేడ పడి మరుసటేడు సజ్జ ఏపుగా లేచేది. మావాడికేమో నాలుగు బక్క మేకలు. "పశువుల్లేనివాడికి మనమే పశువులం" అని, ఏటా కోతలవగానే ఏకంగా ఇల్లే చేలో ఇంకోచోటికి జరిపేసేవాడు. ఇల్లంటే ఏముందిలే, గడ్డి కప్పూ, దడీ. మేం తలో పక్కా పట్టుకుని ఎత్తితే, తను కప్పు కింద నడుస్తూ "ఇటు, ఇంకాస్త ఇటు" అని పెళ్లికొడుకులా ఊరేగేవాడు. ఏడాదంతా బూడిదా, మేక పెంటికలూ, ఊడ్చిన చెత్తా పడ్డ చోటు కదా, పాత ఇంటి జాగాలో సజ్జ వేస్తే కంకి నీ చేత్తో మూరెడు. మిగతా చేను మోకాలి దగ్గరే ఆగిపోయేది.

వదినకి మాత్రం ప్రాణం విసిగిపోయింది పాపం. "ఊళ్లో అందరికీ గుమ్మం ఉన్నచోటే ఉంటుంది, నాకు పొద్దున లేస్తే తూర్పెటో తెలీదు. నన్నూ మేకల పక్కన గుంజకి కట్టెయ్" అనేది. ఆయన నింపాదిగా "నీ పొయ్యి బూడిదే కదే మనకి ఇంత తిండి పెడుతోంది" అనేవాడు. ఓసారి ఆవిడ తమ్ముడు మరాది పట్నం నుంచి కోడిని చంకన పెట్టుకుని వచ్చాడు, నిరుటి గుర్తు మీద. తలకి మించిన సజ్జలో దూరి, "అక్కా, గుమ్మం ఏదే" అని ఒకటే కేకలు. ఊరంతా నవ్వింది. వదినకి తల కొట్టేసినట్టయి మూట కట్టేసింది. "ఇల్లు ఒక్కచోట నిలిచిన రోజు కబురు పెట్టు, వస్తాను" అంది. మా అన్న మూట మీద కూర్చుని, "నేను పోయాక నీ ఇష్టమొచ్చిన చోట పాతుకుపోదువు గానీ, అందాకా ఉండవే" అన్నాడు. నవ్వాపుకోలేక విప్పింది.

అన్నట్టే ముందు ఆయనే పోయాడు. కొడుకులు "అమ్మా, ఇక మట్టి గోడలు కట్టేద్దాం" అన్నారు. "నా జన్మకి అదే కావాల్సింది" అంది. ఇటుకలు కూడా ఎండబెట్టారు. కోతలయ్యాయి. ఓ పొద్దున నన్ను పిలిచి, "ఏమయ్యా మరిదీ, నలుగుర్ని కేకెయ్, కప్పెత్తాలి" అంది. ఇంకెందుకు వదినా అంటే, "మీ అన్న ఆఖరిసారి పడుకున్న చోటు బీడు పెడతామా?" అంది. ఈసారి కప్పు కింద "ఇటు, ఇంకాస్త ఇటు" అంటూ నడిచింది తనే. ఆ వానలకి అక్కడ సజ్జ ఎలా లేచిందంటే, వదిన లోపలికి వెళ్తే మనిషి కనపడేది కాదు, తిట్లు వినపడేవి. "చచ్చి కూడా నాకు పని చెబుతున్నావు కదయ్యా" అని. కోసేదాకా రోజూ వెళ్లి తిట్టేది.

... ఆ రాయి అక్కడే పెట్టు. అక్కడ కాదు, ఇంకాస్త ఇటు. ఆ, ఇసుక కప్పు. మేక తాడు తెంపుకుంది, పో, చూడు.