గాలి పెద్దమ్మ జాడింపు

ఏంటి తల్లీ, మునిమనవడు అంత రాగం ఎత్తుకున్నాడు? ఏదీ, ఇలా తిప్పు... అయ్యో నా బంగారం, పిర్రలన్నీ ఎర్రగా కందిపోయాయే! ముందు ఆ డైపరు తీసి అవతల పారెయ్. పౌడరా? వద్దొద్దు, ఆ డబ్బా మూసెయ్. గోరువెచ్చని నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్దు. రుద్దకు, అద్దు అంటున్నా. ఇక కాసేపు అలా గాలికి పడుకోనీ. తడిపితే తడుపుతాడు, దుప్పటి ఉతుక్కోలేమా? నవ్వకు, ఇది నా తెలివి కాదు. గాలి పెద్దమ్మ తెలివి.

చెప్పలేదూ నీకెప్పుడూ? నేను ఆసుపత్రిలో బట్టలుతికే గదికి మేస్త్రీని, ఆవిడ పిల్లల వార్డులో ఆయా. పొట్టి మనిషి. పిల్లల పిర్రలకి గాలి తగలాలి, గాలి తగలాలి అని అందరి ప్రాణం తీసేది, అందుకే ఆ పేరు. తడిసిన గుడ్డ ఒంటి మీద రెండు నిమిషాలు ఉండనిచ్చేది కాదు. డాక్టరు రాసిన తెల్ల మందు గోడకి సున్నం కొట్టినట్టు మందంగా పట్టించేది. మూడ్రోజుల్లో తగ్గకపోయినా, చీముపొక్కులు లేచినా, "నా గాలి చాలదు, డాక్టర్ని పిలవండి" అని తనే కేకేసేది. అప్పట్లో ఒక కాంపౌండరు ఉండేవాడు, గుర్రంలా నవ్వేవాడు... వాడి గోల ఇప్పుడెందుకులే.

ఒక ఎండాకాలం వార్డులో పదకొండు మంది పిల్లలకి ఒక్కసారే ఇలాగే కందింది. హెడ్ నర్సు పెద్దమ్మ మీద చిందులు తొక్కింది. "గుడ్డలు మార్చకుండా కబుర్లు చెబుతున్నావా? సోమవారంలోగా తగ్గకపోతే మూట సర్దుకో!" అంది. పెద్దమ్మ ఉండేది వార్డు వెనక గదిలోనే. ఉద్యోగం పోతే తలదాచుకునే చోటు కూడా పోతుంది.

మర్నాడు ఉతికిన గుడ్డల దొంతర పట్టుకుని నా గదికొచ్చింది. ఇంకా నోరు తెరవలేదు, నేను "నా గుడ్డలకేం, పాలనురుగులా ఉన్నాయి!" అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే అదే. తెలుపు బాగుందని హెడ్ నర్సు మెచ్చుకుంది కదా అని, నా కళ్లు నెత్తికెక్కి, చాకలిసోడా రెండింతలు వేయిస్తున్నాను అప్పుడు. నీళ్లు చాలక జాడించేది ఒక్కసారే. ఆవిడ అరవలేదు. ఒక గుడ్డ మడత విప్పి, "నాలుక ఆనించి చూడు బాబూ" అంది. ఆనించాను. చుర్రుమంది! "పెద్దవాడివి, నీకే అలా ఉంటే?" అంది. అంతే తల్లీ, నా తల నేలకి దిగిపోయింది.

కొంగు బిగించి నా పక్కనే నిలబడింది. ఉన్న గుడ్డలన్నీ తీసి, బయట నుంచి నీళ్లు మోసుకొచ్చి, మూడేసి నీళ్లలో జాడించాం. వేళ్లు నానిపోయి తెల్లబడ్డాయి. "వెళ్లి తప్పు నాదని చెప్పేస్తా" అన్నాను. "నోరు మూసుకుని జాడించు. ఇంట్లో నెలలు నిండుతున్న మనిషి ఉంది కదా" అంది. మీ అమ్మమ్మే, మీ అమ్మ కడుపులో ఉంది.

సోమవారానికి పదకొండు మందికీ ఎరుపు తగ్గింది. హెడ్ నర్సు వచ్చి, "ఇప్పుడెలా తగ్గింది?" అంది. నేను గంప పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాను. పెద్దమ్మ నావైపు చూడనైనా చూడలేదు. "ముందు సరిగ్గా చూసుకోలేదమ్మా, తప్పు నాదే" అంది. అంత మంది ముందు! నిద్రలో కూడా పిల్లల గుడ్డలు తడిమే మనిషి! "ఈసారికి వదిలేస్తున్నా" అని నర్సు వెళ్లిపోయింది. నేను గంప దించి వచ్చేశాను.

మీ అమ్మ పుట్టింది ఆ ఆసుపత్రిలోనే. బిడ్డని చూడ్డానికి వచ్చిన పెద్దమ్మ, చుట్టబోయే గుడ్డని ముందు తన నాలుకకి ఆనించుకుని, నావైపు చూసి తలూపింది. నా సర్వీసులో అంత గొప్ప బహుమతి ఎవరిచ్చారు చెప్పు? ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఆ వార్డుకి వెళ్లిన ప్రతి దొంతరలో ఒక గుడ్డ నా నాలుక మీదుగానే వెళ్లింది. అలాంటి మనిషి పక్కన పనిచేశానని నాకు గర్వం. తప్పు ఆవిడది కాదు, నాది అని మాత్రం ఆవిడ పోయాక కూడా ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మమ్మకి కూడా. ఇప్పుడు నీకే...

సరేలే. ఆ దండెం మీద వీడి గుడ్డ ఒకటి ఇలా ఇవ్వు. ఊఁ... ఇవ్వవే, తింటానా ఏమిటి... అబ్బే, సబ్బు పోలేదు తల్లీ. అన్నీ తీసుకురా. బకెట్ ఇటు జరుపు.