జాకీ పెట్టే జాగ

మళ్ల గదే మాట. ఇనుముకు జంగు అనేది నిన్న మొన్న పట్టింది కాదమ్మా అంటవ్. నాకు తెల్వదా గనీ చాచా? పదకొండేండ్ల సంది ఈ వాకిట్ల నిలవడ్డ అంబాసిడర్ ఇది. ఈ ఇంట్ల నాకంటె ఎక్కువ సుకపడ్డది ఇదే. దీనికి ఎండయితే నీడ ఉండె, తెల్లారితే తుడిచేటోడు ఉండె.

నువ్వు నిమ్మలంగ చూడు. నాకేం తొందర లేదు.

కుడిదిక్కు జాకీ పెట్టి లేపిన కారు కింద పండుకున్నవ్ గద, నీ రెండు కాళ్లే అవుపడుతున్నయ్ నాకు. కాళ్లతోని మాట్లాడుతున్నట్టున్నది. కానియ్యి. మా ఆయన పోయినప్పటిసంది, ఏడు నెలలు, గోడలతోని మాట్లాడిన. గోడల కంటె కాళ్లు నయం, జర కదులుతయి.

రేకులు కొట్టీ కొట్టీ నీ చెవులు సగం పోయినయంటరు తొర్రూరుల. నిజమేనా? సగం పోతే సగం ఉన్నట్టే గద. ఆ సగానికి చెప్తున్న.

కొట్టు, గాడ కొట్టు. టంగుమన్నది. ఇన్నవా? ఇంకోసారి కొట్టు. మంచి ఇనుమే. టంగుమంటె మంచిది, దప్పుమంటె పోయినట్టు. నువ్వే నేర్పినవ్, యాదున్నదా? ఇగ ఈ కుడిదిక్కు చాసిస్ అయితే మంచిగనే ఉన్నది.

మా మరిది వెంకట్రాం ఏమన్నడో నీకు ఎర్కే. నీ ముంగటనే అన్నడు గద. 'వదినా, గనీ సాబ్ చూసి చాసిస్ మంచిగున్నదంటె కారు నువ్వే ఉంచుకో, కిరాయికి నడుపుకో. పనికిరాదన్నడా, ఇనుపసామానోడు వచ్చి గుంజకపోతడు. నువ్వు తాళమేసి గూడూరుకు రా.' ఇయ్యాల పొద్దుగూకేటాళ్లకు వస్తనన్నడు. అంటె ఇప్పుడు నా బతుకు మొత్తం నీ చేతుల స్క్రూడ్రైవర్ పిడి మీద ఉన్నది. గట్లని మెల్లగ కొట్టకు. గట్టిగనే కొట్టు.

గూడూరుల నాకేమున్నది చెప్పు? మంచంల పడ్డ మా అత్త. అంగన్‌వాడీకి పోయే నా తోటికోడలు. ముగ్గురు పిల్లలు, రెండు బర్రెలు. 'మా ఇంట్ల నీకు తిండికి తక్కువనా వదినా' అంటడు. ఎంత మంచి మాట. బర్రెను తెచ్చేటప్పుడు గూడ గట్లనే అనుకుంటరు చాచా, దానికి తిండికి తక్కువ చెయ్యద్దని. కని బర్రె పాలిస్తది గనక దానికి ఇంత విలువ. నేను నడుములు ఇరగ చేస్తె, పాపం దిక్కులేని మనిషి, మేమే సాదుతున్నం అంటరు.

నవ్వుతున్నవా? నీ బొటనేలు కదిలింది.

మీద చూసినవ్ గద, టాపు మీద నాలుగు బొక్కలు. అవి జంగు చేసినయి కావు. మా ఆయన ధర్మా తన చేతులతోని డ్రిల్లు పట్టి చేసినవి. రెండేండ్ల కింద, డిసెంబర్ల, తెలంగాణ ఇస్తమని చెప్పి మళ్ల ఎనక్కి పోయిండ్రు సూడు, గప్పుడు. రెండు బొక్కలు మైకుకు, రెండు జెండాలకు. 'అయ్యో, వాన దిగుతది గదనయ్యా' అన్న. 'ఉద్యమం అయిపోంగనే మూపిస్తనే' అన్నడు. ఉద్యమం ఆగలే, వాన ఆగలే. బొక్కలకెల్లి నీళ్లు దిగి, సీటు కింద నిలవడి, సీటు కింద రేకు అప్పడం లెక్క అయింది.

నాకు తెలంగాణ వద్దంటున్ననా? నాకూ కావాలె. తండాల పుట్టినదాన్ని, నాకు వద్దంటె ఎట్లయితది. కని మొన్న బస్టాండు ముంగట వంటావార్పు పెట్టిండ్రు, పోయిన. రోడ్డు మీద మూడు రాళ్లు పెట్టి పొయ్యి ఊదింది మేము. పొగకు కండ్లల్ల నీళ్లు కారింది మాకు. అన్నం ఉడికినంక గంటె పట్టుకొని ఫొటోల నిలవడ్డది ఎవలు? మా వెంకట్రాం. తెల్లారి పేపర్ల చూసిన, గంటె తలకిందులు పట్టుకున్నడు. ఇరవై ఏండ్ల సంది ఇంట్ల వండుతున్న, ఒక్కనాడు ఎవ్వడూ దాన్ని ఉద్యమం అనలే. రోడ్డు మీద వండితె ఉద్యమమయింది.

కొట్టు చాచా, ఆగకు. నువ్వు ఆగితె నా పానం ఆగుతది.

టంగ్. మంచిగున్నది.

ధర్మా మంచోడే. ఇప్పుడు లేడని అంటలేను. మానుకోట, గూడూరు, కొత్తగూడ అడవిదాక ఊరూరు తిరిగిండు ఈ కారుల. ఎవల్నీ కిరాయి అడగలే. ఏ ఊర్ల ఏ నీళ్లు తాగిండో, కామెర్లయినయి. పసరు పోసిండ్రు, దవాఖానకు తోలిండ్రు, మార్చిల పోయిండు. దినాలనాడు ఇద్దరు పెద్దమనుషులు వచ్చి, 'అమరుల పేర్లల్ల రాయిద్దామనుకున్నం గని కామెర్లంటె ఎట్ల రాస్తం చెల్లె' అన్నరు. రాయుమని నేను అడిగిన్నా? బొక్కలు మూపియ్యిండ్రి సాలు అన్న. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసిండ్రు.

గప్పటిసంది మా మరిది తప్పితె ఈ గేటు లోపటికి వచ్చింది నువ్వొక్కనివే.

కాదు, నిజంగనే. పక్కింట్ల తుల్సీబాయి గోడ మీదికెల్లి పలకరిస్తది. పొద్దుగాల మాత్రం పలకరియ్యది. పొద్దుగాల నా మొకం చూస్తె దినం మంచిగుండదట. సకల జనుల సమ్మె సురువైనంక బస్సులు లేవు, ఎవరూ ఎటు పోతలేరు, ఇగ నేను ఎదురైతె మాత్రం పాడయ్యేటిది ఏమున్నది?

ఆ సమ్మె పుణ్యమాని నాకు ఇరవై దినాలు దొరికినయ్. బ్రేకు ఆఫీసు బంద్, ఫిట్‌నెస్ కాగితం ఇప్పుడే అడిగేటోడు లేడు. నీ దుకాణం బంద్, నువ్వొచ్చి పని చెప్పినవ్. నువ్వు చెప్పినట్టే చేసిన గద. ఎమ్రీ కాగితం పెట్టి తెల్ల ఇనుము మెరిసేదాక రాకిన. గోర్లల్లకెల్లి ఎర్ర పొడి వారం దినాలు పోలే. గ్యాసునూనె గుడ్డతోని తుడిచిన. రెడాక్సైడ్ రంగు రెండు సుట్లు కొట్టిన. తలుపుల కింద కుళ్లిన రేకు కోసి, నువ్విచ్చిన కొత్త రేకు రివిట్లు కొట్టి అతికిన. ఆనాడు నువ్వు ఏలు పెట్టి రాసి చూసి, 'చెయ్యి మంచిగున్నది బిడ్డా' అన్నవ్.

ఆ మాట నువ్వు మర్శిపోయినవేమో. నేను అన్నం తినుకుంట గూడ యాది చేసుకున్న. నా చెయ్యి మంచిగున్నదని ఎవరన్నరు ఇన్నేండ్లల్ల? పిల్లలు కాలేదని కడుపు మంచిగ లేదన్నోళ్లే గని.

కారు నడిపిస్తనంటె మా వెంకట్రాం పకపక నవ్విండు. లైసెన్సు చూపెట్టిన. ధర్మానే నేర్పిండు, కొత్తగూడ రోడ్డు మీద, సరదకు. లైసెన్సు చూసి గూడ నవ్విండు. 'ముండమోసిన ఆడిది నడిపితె ఎవలెక్కుతరు వదినా' అన్నడు. నేనన్న, 'నొప్పులు వడుతున్న ఆడిది డ్రైవర్‌కు బొట్టున్నదా లేదా అని చూస్తదా? దవాఖాన ఎప్పుడొస్తది అని చూస్తది.' గప్పుడే ఈ షర్తు పెట్టిండు, గనీ సాబ్ చెప్పాలె అని.

తండాలల్ల అర్ధరాత్రి అపరాత్రి నొప్పులు వస్తె దొరికేటియి ట్రాక్టర్లే. చానమందికి నా నంబర్ ఇచ్చిన అప్పుడే. ఒక పిల్లకు ఈ నెలాఖరుకే కాన్పు ఉన్నది.

ఏందీ? కింద ఏమున్నది? పెంకు గట్టిందా?

గీకి చూడు. పేడనా?

అవ్, సాన్పు. రోజూ వాకిలి సల్లుత గద. పొద్దుగాల ధర్మా లేవకముందే, కారు చుట్టూ, కారు కింద, టైర్ల మీద గూడ. మా అత్త చెప్పింది, బండి గూడ లచ్చిమే, దాని కింద ఎండిపోయి ఉండద్దని. దండిగ పేడ కలిపి చిక్కగ సల్లిన. పదకొండేండ్లు. ధర్మా పోయినంక ఇంకింత ఎక్కువ సల్లిన. మొగడు లేని వాకిలి బోసిపోయిందని ఎవ్వలూ అనద్దని.

ఏమంటున్నవ్, మెల్లగ చెప్పు. పేడ ఎండి పెంకు కట్టి, తడి పట్టి పెట్టిందా? లోపట్నే కుళ్లిందా?

అంటె పైనకెల్లి మైకోళ్లు, కిందికెల్లి నేను. మంచిగ పంచుకున్నం.

ఎమ్రీ కాగితం పెట్టి రాకినంత సేపు, ఇది ఎవడు చేసిండు, ఎవడు చేసిండని తిట్టుకున్న చాచా. మైకోన్ని తిట్టిన, వానను తిట్టిన, సచ్చినోన్ని గూడ తిట్టిన. నా చెయ్యే అని ఒక్కపారి గూడ మనసుకు రాలే. లచ్చిమని సల్లితిని.

ఇగ చాలు. కుడిదిక్కు చూసినవ్ గద, మంచిగనే ఉన్నది గద. ఎల్లి రా బయటికి.

ఎడమదిక్కు గూడనా? ఒకదిక్కు చూస్తె ఇంకోదిక్కు తెల్వదా?

జాకీ ఎడమదిక్కు పెట్టాల్నా? సరే, పెడ్త. నువ్వు ముందుగాల బయటికి రా. మోకాళ్లు లేస్తలేవా? నువ్వు కిందనే ఉంటె నేను లేపాలెనా? ఇదేం పని చాచా, ఇన్నేండ్ల పనోనివి, కారు లేపేటప్పుడు కింద పండుకుంటరా ఎవరన్న.

ఇగో, ఇటుకలు పేర్చి కుడిదిక్కు వాటి మీదికి దించిన. జాకీ తీసిన. బరువున్నది. తెస్తున్న.

జర దూప తీర్సుకుందువు, నీళ్లు తేవాల్నా? వద్దా.

తుల్సీబాయి చూస్తున్నది గోడ మీదికెల్లి. మనిద్దరం ఏం మాట్లాడుకుంటున్నమో రేపు ఊరంత చెప్తది. చెప్పనియ్యి.

పెడుతున్న అంటున్న గద, ఎందుకంత తొందర నీకు. ఏది, గాడనా? ముంగటి చక్రం ఎనుక, ఆ నల్ల పట్టీ కిందనా? గట్టిగ ఉన్నట్టు కొడుతున్నదంటున్నవా? నిన్నగాక మొన్న రంగేసినట్టున్నదంటున్నవా?

చాచా.

జాకీ గాడ పెట్ట. పెట్టరాదు.

నువ్వు కదలకు. కదలకుంట ఇను. కాదు, కదులు. ముందు బయటికి రా. నీ కాళ్లు పట్టి గుంజుత, రా. మోకాలు నొస్తె నొయ్యనియ్యి. ఇటు, ఇటు. తల కాపాడుకో.

ఆ. కూసో గాడ. ఊపిరి తీసుకో. నేను గూడ తీసుకుంట.

అది ఇనుము కాదు. లప్పం.

పది దినాల కింద గీకుకుంట గీకుకుంట పోతుంటె స్క్రూడ్రైవర్ పిడిదాక లోపటికి పోయింది. గోధుమ పిండిల ఏలు పెట్టినట్టు. మూరెడు పొడుగున ఇనుమే లేదు. వెల్డింగ్ పెట్టిద్దామంటె బొగ్గు గనుల సమ్మె, కరెంటు లేదు, దుకాణాలన్ని బంద్. రెండు దినాలు అన్నం తినలే. మూడో నాడు సిమెంటు సంచి గోతం ముక్కలు కుక్కిన లోపట. మీద లప్పం, గోడల బీటలకు మెత్తే ముద్ద, పెట్టిన. ఎండినంక ఎమ్రీతోని నున్నగ రాకిన, చాసిస్ అంచు ఎట్లుంటదో గట్లనే. నల్ల రంగేసిన. రంగు మీద ఇంత మట్టి సల్లిన, పాతగ అవుపడాలెనని. నా చెయ్యి మంచిగున్నదన్నవ్ గద.

నీకే తెల్వలే చూడు. కొట్టినా నీ సగం చెవికి తెల్వలే.

ఏం చూస్తున్నవ్ గట్ల? పో, స్క్రూడ్రైవర్ పెట్టి పొడిచి చూడు. పోయిందా? పిడిదాక పోయిందా? ఎనుకదాక గట్లనే ఉన్నదా?

కొత్త పట్టీ అతికితె నిలవడదా? అతుకు పట్టనీకె గట్టి ఇనుము ఉండాలెనా. అవ్, నిజమే. లేనిదానికి ఏం పట్టుకుంటది.

వద్దు. మంచిగున్నదని చెప్పకు మా మరిదికి. నా కోసం అబద్ధం ఆడకు చాచా, నీకు అలవాటు లేదు, దొరుకుతవ్. నేనే చెప్త. గూడూరు గూడ ఊరే. బర్రెలు గూడ పానమున్నయే. పొద్దుగాల నా మొకం చూడనీకె అవి ఎనుకకు పోవు.

ఇంకోటి అడుగుతున్నవా? కిరాయికి నడిపితె అందుల మనుషులు కూసుంటుండె గదమ్మా అంటున్నవా?

అవ్. కూసుంటుండె.

ఆ మాట రాత్రులు అనుకోలేదనుకుంటున్నవా? అనుకున్న. ఆ నెలాఖరు పిల్లను గూడ తలుసుకున్న. ఎనుక సీట్ల పండబెట్టి తోలుకపోతున్నట్టు, కొత్తగూడ రోడ్డు మీద, గుంతల్ల. తలుసుకొని, మళ్ల పొద్దుగాల లేచి రంగేసిన. మెల్లగ తోల్త, ఏమైతది అనుకున్న. మొగోళ్లు గింతకంటె అధ్వాన్నం బండ్లు తోల్తలేరా అనుకున్న. గూడూరు పోవుడు కంటె ఏదైన నయమే అనుకున్న.

ఇయ్యాల నువ్వు కింద ఉన్నవ్ గనక నోరు లేచింది. నీ కాళ్లు నా కండ్ల ముంగట ఉన్నయ్. నువ్వు రోజూ వచ్చి మాట్లాడిన మనిషివి. నీ జాగల నాకు తెల్వనోడు పండుకొని ఉంటె, బ్రేకు ఆఫీసోడో, ఇంకెవడో ఉంటె, జాకీ పెడుదునో ఏమో చాచా. పెట్టి మెల్లగ తిప్పుదునో ఏమో. నేను గసొంటిదాన్నేమోనని నిన్నటిదాక నాకే తెల్వదు, ఇయ్యాల తెలిసింది.

కారు సంగతి ఎవలకన్న చెప్పుకో. గీ జాకీ మాట మాత్రం ఎవ్వలకు చెప్పకు.