ఎండలో ఇత్తడి పళ్ళెం

మే నెల మిట్టమధ్యాహ్నం. బెజవాడలో కృష్ణ ఒడ్డున డాక్యుమెంటరీ తీస్తున్న కెమెరామన్‌తో కూచిపూడి మాస్టారు మాట్లాడుతున్నారు. ఆయన శిష్యురాలు వేదవతి తరంగం ఆడడానికి ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి ఉంది.

“పళ్ళెం కాలిపోతోందండీ. కాస్త నీడలోకి జరపనివ్వండి.”

“కుదరదు మాస్టారూ. స్లోమోషన్ కావాలంటే లోపల ఫిల్ము నాలుగింతల జోరుగా పరిగెత్తాలి. ఒక్కో బొమ్మకి దొరికే వెలుతురు రవ్వంత. నాకు ఈ ఎండే చాలడం లేదు.”

“పోనీ, పళ్ళెం మీద చెంబెడు నీళ్ళన్నా పొయ్యనివ్వండి.”

“తడిస్తే తళుక్కుమని షాటు పాడవుతుంది.”

“ఇందాక బాగానే ఆడిందిగా?”

“కెమెరా జోరందుకోకముందే మొదలెట్టేసింది. ఆ ఫిల్మంతా దండగ. ఈసారి నేను ‘ఊ’ అనేదాకా కదలొద్దనండి.”

“అమ్మా వేదా, ఆయన ఊ అనేదాకా ఓర్చుకో తల్లీ.”

కెమెరామన్ నింపాదిగా లెన్సు తుడుచుకున్నాడు. ఫోకస్ చూసుకున్నాడు. అప్పుడు కెమెరా గిర్రుమంది.

“ఊ!”

షాటు అయిపోయింది. వేదవతి పళ్ళెం దిగి ఇసుకలో కూలబడింది.

“అద్భుతం మాస్టారూ! కళ్ళల్లో ఆ నీళ్ళు, ఆ పెదవి వణుకు! తెర మీద మెల్లగా కదులుతుంటే భక్తి పొంగి పొర్లుతుంది, చూడండి.”

“భక్తి కాదండీ, పాదాలు బొబ్బలెక్కాయి. పారాణి ఉంది కాబట్టి కనపడలేదేమో.”

“పాదాలు నేను తియ్యలేదుగా. ముఖం ఒక్కటే తీశాను.”

“పళ్ళెమే షాటులో పడనప్పుడు దాని మీద ఎందుకు నిలబెట్టారండీ?”

“నేల మీద నిలబెడితే ఆ ముఖం వచ్చేదా?”