నాన్న పడవ తలుపు

కృష్ణ మీద బ్రిడ్జి తెరిచిన మరుసటి ఏడాది. రేపల్లె నుంచి అవతలి గట్టుకు పోయే బస్సు పెనుమూడిలో ఆగింది. కిటికీ దగ్గర కూర్చున్నావిడ పక్కన చెల్లెలొచ్చి కూర్చుంది.

"ఎక్కడికి పోతున్నావు?"

"ఎక్కడికీ లేదక్కా. కిటికీలో నిన్ను చూసి ఎక్కాను. ఇంకా కోపమేనా?"

"నాన్న పడవ విప్పించి ఇంటికి తలుపు చేయించుకున్నావు. నాతో ఒక్క మాటన్నా అన్నావా?"

"బ్రిడ్జి పడ్డాక పడవెవరు ఎక్కుతారక్కా? ఇసుకలో ఎండి చీలిపోతుంటే చూడలేకపోయాను."

"నాన్నుంటే ఏమనేవాడో!"

"నాన్నుంటే మనల్ని ఇన్నాళ్ళు ఇలా ఉండనిచ్చేవాడా? తగువులాడుకున్నవాళ్ళు పడవెక్కితే, తోసే గెడ కింద పెట్టేసేవాడు."

"అవును. 'మీరు మాట్లాడుకుంటేనే పడవ కదిలేది' అనేవాడు. ఓసారి వియ్యంకులిద్దరు మొండికేస్తే, మిట్టమధ్యాహ్నం దాకా అందరం గట్టు మీదే ఉన్నాం."

"చివరికి ఒకాయన నోరు తెరిచి చుట్ట అడిగాడు."

"రెండో ఆయన ఇచ్చాడు. అంతే, నాన్న పడవ తోసేశాడు."

"ఈ బస్సుకేం పట్టిందక్కా? మాట్లాడుకున్నా, లేకపోయినా దాటించేస్తుంది."

"పడవకి నాన్న పూసిన తారు వాసన ఆ తలుపుకి పోయిందా?"

"వానొస్తే ఇల్లంతా అదే వాసన. మంచమెక్కి పడుకుంటే పడవలో ఉన్నట్టే ఉంటుంది."

"అంటే నాన్న దగ్గరున్నట్టే కదే!"

"ఏడవకక్కా, అందరూ చూస్తున్నారు."

"అప్పుడే అవతలి గట్టు వచ్చేసిందేంటే?"

"బ్రిడ్జి కదక్కా. ఇంతే."

"కండక్టర్ గారూ, కాస్త ఆపండి బాబూ. మేమిద్దరం వెనక్కి నడిచిపోతాం."