గొట్టం మళ్లీ బిగించు

రెండిళ్ల మధ్య నడుమెత్తు గోడ. దానికి చెరోపక్క ఇద్దరాడవాళ్లు నిలబడ్డారు. చిన్నామె చేతిలో ఊడదీసిన గొట్టం ఉంది.

"మా డాబా మీది నీళ్లు ఇక మీ ఇంటి గోడ మీద పడవక్కా. గొట్టం తీయించేశాను."

"ఆరేళ్లుగా లేని అక్క ఇవాళెక్కణ్ణుంచి వచ్చింది?"

"మావాడికి ఆపరేషనప్పుడు రక్తం ఇచ్చింది మీరేనట. మీ ఆయన చెప్పారు."

"ఆయన కడుపులో ఏ మాటా దాగదు."

"మీకేం చేసినా తక్కువే అనిపించి..."

"అందుకని గొట్టం తీశావా? గోడ నాని పెచ్చులూడుతోందని ఆరేళ్లు గొంతు చించుకున్నాను. ఒక్కనాడైనా చెవిన పెట్టావా?"

"అదంతా ఇప్పుడెందుకక్కా, తీసేశాగా."

"నాది న్యాయమని తీయలేదు నువ్వు. రక్తం ఇచ్చిందిలే, పోనీ అని తీశావు. నీ దయ నాకొద్దు. వెళ్లి మళ్లీ బిగించు."

"మళ్లీ నీళ్లు మీ గోడ మీదే పడతాయి కదా."

"పడనీ. రేపు పొద్దున్నే ఎప్పట్లాగే వచ్చి పోట్లాడతాను. నా మాట సబబనిపిస్తే అప్పుడు తియ్యి."

"అనిపించకపోతే?"

"ఉంచుకో. నీ కొడుక్కి మళ్లీ రక్తం కావాల్సొస్తే మాత్రం కబురుపెట్టు, వస్తాను. ఆసుపత్రి దాకా దారి పొడుగునా ఆ గొట్టం గురించి నిన్ను తిడుతూనే వస్తాను."