నా పేరున నీ రక్తం

ఆ పానా కింద పెట్టరా బాబూ! బస్సు ఎక్కడికీ పారిపోదు. లేవకు, అలా బండి కిందే పడుకుని విను. నాకూ అదే నయం, నీ మొహం చూస్తూ చెప్పలేను. కాళ్ళు కనిపిస్తున్నాయి, చాలు.

నోటీసు బోర్డు చూశావా? పోయిన వారం మా డ్రైవర్ల రక్తం తీసుకెళ్ళారే, దాని ఫలితాలు అంటించారు. నలభై మందిలో పదిహేడు మందికి కొలెస్ట్రాల్ ఎక్కువట! పదిహేడు! ఒక్కడికైనా నొప్పి ఉందా, ఆయాసం ఉందా? అబ్బే. మొన్నటిదాకా జోకులేసుకుంటూ బండ్లు తోలినవాళ్ళే. ఇప్పుడు క్యాంటీన్‌లో ఎవరి పళ్ళెం వంక వాళ్ళు అనుమానంగా చూసుకుంటున్నారు. మన పొట్టి డ్రైవరైతే నూనె తేలుతోందని కూర అవతలికి నెట్టేశాడు.

నవ్వకు. నవ్వులాట కాదిది.

ఆ పదిహేడులో నా పేరుంది. ఆఁ, నాదే. అయితే నాకెందుకు చెబుతున్నావు బావా అంటావేం? ఆ రోజు సూది గుచ్చింది ఎవరి చేతికి? నా ఖాకీ చొక్కా తొడుక్కుని, పొద్దున్నుంచీ ఏమీ తినకుండా వరసలో నిలబడింది ఎవరు?

నేనే బతిమాలాను, కాదనను. నా పొట్ట చూసుకుని నేనే హడలిపోయాను. ఎక్కువని తేలితే స్టీరింగు లాగేసుకుని గేటు దగ్గర కూర్చోబెడతారని ఎవడో అన్నాడు. ఇరవై రెండేళ్ళు బస్సు తోలినవాణ్ణి, గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయే బండ్ల నంబర్లు రాసుకోనా? మెకానిక్కులకి ఈ పరీక్షల్లేవు, నువ్వేమో పుల్లలా ఉంటావు. నీ రక్తంతో గట్టెక్కుతానులే అనుకున్నాను. అతి తెలివి!

సన్నగా ఉన్నవాళ్ళకీ వస్తుందా అని మన డిపో డాక్టరమ్మని అడిగాను. ఎందుకు రాదు, వంశంలో ఉంటే మరీ తొందరగా వస్తుంది అంది. మీ నాన్న పోయినప్పుడు ఆయనకి ఎన్నేళ్ళురా? నలభై మూడు. గడ్డం గీసుకుంటూ గీసుకుంటూ కుర్చీలోనే ఒరిగిపోయాడు. నీకిప్పుడు నలభై ఒకటి. నాకెంత ఉందో దేవుడికెరుక, ముందు నీ సంగతి చూడాలి.

బామ్మర్దీ! లే, బయటికి రా. చేతులు తర్వాత కడుక్కోవచ్చు. డాక్టరమ్మ ఇంకా ఆఫీసు గదిలోనే ఉంది. ఇద్దరం వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేద్దాం. గేటు దగ్గర కూర్చోమంటే కూర్చుంటాను, ఏం చేస్తాం.

ఏంటీ? ఎప్పుడు తెలిసిందా?

...ఇవాళ కాదు. నాలుగు రోజులైంది. బోర్డు మీద పెట్టకముందే ఎవరి కాగితం వాళ్ళకిచ్చారు, మాత్రలతో సహా. అవి మీ అక్క కంటపడ్డాయి. అన్నం తినడం ఆలస్యం, నీళ్ళ గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడుతోంది. ఇవి నాకు కాదే, నీ తమ్ముడికి అని చెప్పడానికి నోరు రాలేదు.

నీకు రాసిన మాత్రలు నాలుగు రోజులుగా నేనే మింగుతున్నానురా.