బీరయ్య కట్టిన ఫ్లెక్సీ

లాల్‌దర్వాజాలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. ప్రిన్సిపాల్ ప్రేమ్‌రాజ్ గది. బల్లకు ఇవతల అమల.

“టీసీ యాడికి పోతది అమలా, నా టేబుల్ మీదనే ఉన్నది. ముందు కూసో.”

“కూసునే టైం లేదు సార్. రేపు మూడు గంటల లోపట టీసీ ఇయ్యకపోతే యూనివర్సిటీల నా సీటు ఎనకున్నోళ్ళకు పోతది.”

“పోనిస్తనా? మూడు సీట్లకు నాలుగొందల మంది రాస్తే మా కాలేజీ పిల్లకు ఒకటొచ్చే. ఫ్లెక్సీ గేటు మీదికి ఎక్కాలె, నేను సంతకం పెట్టాలె. గదే మన మాట.”

“అంటే ఫ్లెక్సీ ఎక్కకపోతే టీసీ లేనట్టేనా?”

“గట్ల ఎందుకనుకుంటవ్? ఇచ్చిపుచ్చుకునుడు. ఇయ్యాల అడ్మిషన్లకు తల్లిదండ్రులొస్తున్రు. గేటు కాడ నీ మొఖం కనవడాలె.”

“కనవడ్తది. మా బాపు నిచ్చెన ఏసిండు.”

“బీరయ్యకు మస్తు ఖుషీ ఉండొచ్చు. ఇరవై ఏండ్ల సంది ఇక్కడ అటెండరు. బిడ్డ పేరు తన చేతులతోని గేటుకు కట్టుడంటే...”

“నా పేరు ఇంతకుముందు గూడ గేటుకు పెట్టిండు సార్. యాదికున్నదా?”

“ఎప్పుడు?”

“ఫస్ట్ సెమిస్టర్ల. నాలుగు సబ్జెక్టులు ఫెయిలైన. ఫెయిలైనోళ్ళ పేర్లు పెద్ద పెద్ద అక్షరాలతోని రాయించి గేటుకు అతికియ్యమన్నరు మీరు. బాపే మైదా ఉడకబెట్టి అతికిచ్చిండు. ఆయనకు చదువు రాకపాయె. పైన మొదటి పేరు నాదే. సక్కగున్నదా బిడ్డా, వంకర పోలేదు గద, అని నన్నే అడిగిండు.”

“నీ ఒక్కదానిదే కాదు గద, అందరి పేర్లు ఏసినం.”

“సక్కగనే ఉన్నది బాపూ, అని చెప్పిన నేను.”

“పాతయి తవ్వకు అమలా.”

“తెల్లారి ఈ గదిల మీరు ఇంకో మాట గూడ అన్నరు. బాపు ఛాయ్ పట్టుకొని తలుపు కాడనే నిలబడ్డడు.”

“దినానికి ఎంతమందితోని ఎన్ని అంట. అన్నీ యాదికుంటయా?”

“అన్నోళ్ళకు ఉండవు సార్. పడ్డోళ్ళకుంటయి.”

“ఆ మాట మంచికే అయింది గద. గా కసితోనే చదివినవ్. ఒక రకంగ నువ్వు నాకు షుక్రియా చెప్పాలె.”

“కసితోనే చదివిన. రెండేండ్లు. సప్లిలన్నీ తీసేసి ఎంట్రన్స్ రాసిన. పుస్తకం తెరిచినప్పుడల్లా మీ మొఖమే కనవడేది. చెప్త షుక్రియా. టీసీ చేతికి రానియ్యిండ్రి.”

“ఇగో, ఒక్క నిమిషం, కుర్చీల దుకాణపోని ఫోనొస్తున్నది. హా సిరాజ్ భాయ్, బోలో. దో సౌ కుర్సియా భేజో. హా, ఆజ్ హీ... అమలా, యాడ పెట్టాలె సంతకం?”

“ఇది టీసీ. ఇది కాండక్ట్ సర్టిఫికెట్. చదివి పెట్టుండ్రి సార్.”

“చదివే టైమెక్కడిది? దినానికి రెండొందల సంతకాలు. కాయితం ముంగట పెడ్తరు, నేను గీకుత. నిన్న మీ నాయిన ఫ్లెక్సీ మీద అచ్చెయ్యాల్సిన మాటర్ తెచ్చిండు, గట్లనే గీకిన. నహీ భాయ్, ఆప్‌కో నహీ బోల్ రహా... ముద్ర నువ్వే కొట్టుకో.”

“కొట్టిన.”

“అయిపాయె. ఇగ చెప్పు.”

“షుక్రియా సార్.”

“బయట ఏందా నవ్వుడు?”

“ఫ్లెక్సీ ఎక్కినట్టున్నది.”

“ఫ్లెక్సీ చూసి నవ్వుడేంది? మీ నాయిన తలకిందులు గిట్ల కట్టిండా?”

“లేదు. సక్కగనే కట్టిండు.”

“మరి ఏం రాసున్నది దాని మీద?”

“నా ఫోటో. దాని పక్కన ఫస్ట్ సెమిస్టర్ మార్కులు, నాలుగు ఫెయిల్. కింద యూనివర్సిటీ సీటు. మీ ఫోటో గూడ ఉన్నది సార్, నాదానికంటె పెద్దది.”

“నా ఫోటో ఎందుకు?”

“దాని కింద మీరన్న మాట. అటెండరు బిడ్డవు, నీకు చదువెందుకు, పోయి మీ నాయిన చీపురుకట్ట పట్టుకో. ఇట్లు, ప్రిన్సిపాల్ ప్రేమ్‌రాజ్.”

“నేను... నేను గట్ల రాయమన్ననా? ఆ దుకాణపోడు ఎట్ల అచ్చేసిండు?”

“పురానాపూల్ కాడి దుకాణం సార్. సంతకం లేంది మాటర్ ముట్టడు ఆయన. దాని మీద మీ సంతకం ఉన్నది, కాలేజీ ముద్ర ఉన్నది. కాయితం ఆయన కాడ భద్రంగున్నది.”

“దింపమను. బీరయ్యా, ఓ బీరయ్యా. నౌకరి పోతది చెప్తున్న.”

“నౌకరి నిన్ననే ఇడిసిపెట్టిండు. రాజీనామా కాయితం మాటర్ కిందనే ఉండె. దాని మీద గూడ గీకిండ్రు. రేపటి సంది బేగంబజార్ల గిన్నెల దుకాణంల పని.”

“ఆ టీసీ ఇటియ్యి.”

“ఇయ్య.”

“ఎంత మోసం. వేలిముద్రగాడు, వానికేం తెల్సు? నీ కక్ష నువ్వు తీర్చుకునేటందుకు కన్నతండ్రినే నిచ్చెన ఎక్కిచ్చినవ్. నువ్వేదో రాసి చేతిల పెడ్తివి, ఏందో తెల్వక మోసిండు, ఏందో తెల్వకనే కట్టిండు.”

“తెల్వక కట్టింది మొదటిది సార్. నేను సప్లిలకు చదివినన్ని దినాలు బాపును పక్కన కూసోబెట్టుకొని అక్షరాలు దిద్దిచ్చిన. నాకు టీసీ ఒక్కటి చేతికొస్తే సాలు అనుకున్న. ఆ మాటర్ రాసింది నేను గాదు, మా బాపు. రాసి, రెండు సార్లు చదువుకొని, మీ ముంగట పెట్టిండు.”